సదయ్య పేరు మీద పోశం

గోదావరిఖని బొగ్గు బాయిల మీద పోశం అంటే ఎవరికీ తెలియదు. సదయ్య అనాలి. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టుకుని బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బులు నింపే ఫిల్లర్లలో సదయ్య అంటే నమ్మకస్తుడు, నాగా పెట్టనివాడు, నోరు జారనివాడు. ఆ మంచి పేరు వింటేనే పోశానికి ఒళ్ళు మండేది. చెమట తనది, పేరు ఇంకొకడిది. ఎవరైనా భుజం తట్టి "శెబ్బాష్ సదయ్యా" అంటే, ఆ దెబ్బ తన భుజం మీద పడి, సంతోషం ఏరు దాటి వెళ్ళిపోయినట్టు ఉండేది.

అసలు సదయ్య పోశానికి పెద్దనాన్న కొడుకు. ఇద్దరికీ ఏడాది తేడా. గోదావరి అవతల, జైపూర్ దగ్గరి పల్లె. అరవైల మొదట్లో ఇటువైపు కొత్త బాయిలు పడుతున్నప్పుడు సదయ్యకు కొలువు దొరికింది. పేరు రాసుకుని, నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ చేతిలో పెట్టారు. మొదటి రోజు బాయి దిగాడు. లోపల ఏం చూశాడో ఏమో, పైకి వచ్చినవాడు మసి మొహం కూడా కడుక్కోకుండా ఇల్లు చేరి, "సస్తె ఊర్లనే సస్త గని మల్ల ఆ బొందల దిగ" అని ముసుగు తన్నాడు. చేతికొచ్చిన కొలువు ఎవరు పోగొట్టుకుంటారు? పెద్దవాళ్ళు పోశాన్ని పిలిచి బిళ్ళ అతని చేతిలో పెట్టి పంపారు. ఒకరి పేరు మీద ఇంకొకరు పని చేయడం అప్పట్లో అంత వింతేమీ కాదు. బొగ్గు ఎత్తేది చేతులు కదా, పేరు కాదు కదా అనుకునేవాళ్ళు.

బిళ్ళతో పాటు పిల్ల కూడా చేతులు మారింది. మేనత్త కూతురు సారవ్వను బాయి కొలువున్న వాడికే ఇస్తానని వాళ్ళ నాయన భీష్మించుకు కూర్చుని, సదయ్యకు ఖాయం చేసుకున్నాడు. కొలువు పోశానిది కాగానే పిల్లనూ పోశానికే ఇచ్చాడు. పేరు, పని, పెళ్ళాం, మూడూ సదయ్య విస్తట్లో వడ్డించినవే. ఆ మాట పోశానికి ఎవరూ అనలేదు. అతనే అనుకున్నాడు. రోజూ అనుకున్నాడు.

పైగా సదయ్య చూడముచ్చటగా ఉండేవాడు. నవ్వితే బుగ్గన సొట్ట పడేది. పాట ఎత్తుకుంటే నాట్లు వేసే ఆడవాళ్ళు నడుము ఎత్తి వినేవాళ్ళు. పోశం నోరు తెరిస్తే దగ్గు వచ్చేది. బాయి మసికి అతని మొహం ముందే ముదిరింది; పక్కపక్కన నిలబడితే పోశమే అన్నలా కనపడేవాడు.

కంపెనీ క్వార్టరులో కాపురం పెట్టారు. కూతురు పుట్టింది, అనసూర్య అని పేరు పెట్టుకున్నారు. పిల్లకు జ్వరం వస్తే ఒకనాడు ముగ్గురూ దవాఖానకు పోయారు. పక్కింటి అమీరున్నీసా కూడా వెంట వచ్చింది. అక్కడ చీటీ రాసే కిటికీ దగ్గర ఆడవాళ్ళకు ఎప్పుడూ ఒక తంటా ఉండేది. భర్త పేరు చెప్పాలి. ఏ ఆడది చెబుతుంది? ముందున్నామెను మోచేత్తో పొడిచి ఆమెతో చెప్పించడం, ఆమె మొగుడి పేరు ఈమె చెప్పడం. అమీరున్నీసా తల మీది కొంగు ఇంకా ముందుకు లాక్కుని సారవ్వ వెనక దాక్కుంది. సారవ్వ "కరీం" అని ఆమె మొగుడి పేరు చెప్పి, తన వంతు రాగానే అదే ఊపులో "సదయ్య" అంది. గొంతు తగ్గించలేదు, తల వంచలేదు.

"ఏందే సారవ్వా, మరద్ పేరు గట్లనే తీస్తవా? శరం లేదా నీకు?" అని అమీరున్నీసా బుగ్గలు నొక్కుకుంది. సారవ్వ కిలకిలా నవ్వింది.

కట్టుకున్నవాడి పేరు కాదు గనుకనే అది ఆమె నోటికి అడ్డం పడలేదని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. పోశానికీ తెలుసు. కాని కుళ్ళు పట్టిన మనిషికి తెలిసినదానితో పనేముంది? ఆ నవ్వు చెవిలో దూరి కూర్చుంది. ఎంత ఇష్టముంటే అంత మందిలో అంత సులువుగా అంటుంది అని లెక్క కట్టుకున్నాడు. ఇంటికొచ్చాక పిల్ల మందు విషయంలో ఏదో వంక పెట్టి ఆమె మీద అరిచాడు. ఎందుకు అరిచాడో ఆమెకు అర్థం కాలేదు, అతను చెప్పలేదు.

అరవై తొమ్మిదిలో ఆ బాయికి కొత్త మేనేజరు వచ్చాడు. బెంగాలీ ఆయన, తెలుగు చదవడం రాదు. సర్దార్లు షిఫ్టు రిపోర్టు ఇంగ్లీషులో రాయాలన్నాడు. సర్దారంటే కూలీలకంటే ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పు కొట్టి చూసి, గట్టిగా ఉందంటేనే మనుషుల్ని రానిచ్చేవాడు. పని అయ్యాక జరిగింది రాసి సంతకం పెట్టాలి. ఏడో తరగతి దాకా చదివిన పోశానికి ఆశ పుట్టింది. సర్దారు గిరీ వస్తే అది ఒక్కటైనా పూర్తిగా తనదవుతుంది. సదయ్య చెయ్యి తగలనిది అదొక్కటే.

టైం ఆఫీసు క్లర్కు లింగమూర్తి సాయంత్రాలు ఇన్‌స్టిట్యూటులో ఇంగ్లీషు క్లాసు పెట్టాడు. సన్నటి మనిషి, ముక్కుపొడి అలవాటు. వ్యాకరణం పుస్తకం తేలేదు, బాయి రిపోర్టునే పాఠం చేశాడు.

"అయిపోయిన పని రాసేటప్పుడు గో అనద్దు, వెంట్ అనాలె. కమ్ గాదు, కేమ్. అయితే ఉత్త వెంట్ అని ఊకుంటె వాడు ఎటు పోయిండో ఎవనికి ఎరుక? ఎంబడే ఒక చిన్న మాట పెట్టాలె. వెంట్ ఇంటు అంటె లోపటికి పోయిండు. వెంట్ డౌన్ అంటె దిగిండు. మనం బాయిలకు, బాయిలకెళ్ళి అని పేరు ఎనుక తోక కడుతం. ఇంగ్లీషోనికి తోక లేదు, ముందట ముక్కు ఉంటది. ముక్కు మారితె మొఖమే మారుతది. లుక్డ్ ఎట్ అంటె చూసిండు. లుక్డ్ ఫర్ అంటె దేవులాడిండు. లుక్డ్ ఆఫ్టర్ అంటె అరుసుకున్నడు. చూసుడు వేరు, దేవులాడుడు వేరు, అరుసుకునుడు వేరు."

అతనిదొక పద్ధతి ఉండేది. ఇద్దరిద్దర్ని లేపి నిలబెట్టేవాడు. ఒకడు "వెంట్ ఇంటు ద మైన్" అంటే రెండోవాడు "కేమ్ ఔటాఫ్ ద మైన్" అనాలి. "క్లైంబ్డ్ అప్" అంటే "క్లైంబ్డ్ డౌన్". "పిక్డ్ అప్" అంటే "పుట్ డౌన్". టోపీ "పుట్ ఆన్" అంటే "టుక్ ఆఫ్". జత తప్పితే ఊరుకునేవాడు కాదు. "లోపటికి పోయినోడు బయటికి రావాలె. రిపోర్టుల గూడ మనిషిని బాయిల ఇడిసిపెట్టి రావద్దు" అనేవాడు. ఆ మాటకు ఎవరూ నవ్వేవారు కాదు.

వాక్యం మొదట ఎవరి పేరు వారు పెట్టుకోవాలి. పోశం సదయ్య అనాల్సి వచ్చేది. రోజంతా పనిచేసి ఇక్కడికొచ్చి కూడా ఆ పేరే మోయాలి. ఒకనాడు "రాన్ అవే" వచ్చింది, అంటే పారిపోవడం. పోశానికి పండగైంది. "సదయ్య రాన్ అవే ఫ్రం ద మైన్!" అని కప్పు ఎగిరేలా అరిచాడు.

"నిన్ను నువ్వే తిట్టుకుంటున్నవేందయ్యా సదయ్యా?" అన్నాడు లింగమూర్తి. క్లాసంతా విరగబడి నవ్వారు. "సరే, జత జెప్పు. కేమ్ బ్యాక్."

సదయ్య తిరిగొచ్చాడు అనడానికి పోశానికి నోరు రాలేదు. మంచినీళ్ళ వంక పెట్టి బయటికి పోయాడు.

ఇంట్లో సాధన చేయడానికి సారవ్వే జత. పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు కొడుతూ విని విని ఆమెకు జతలన్నీ వచ్చేశాయి. అతను "వెంట్ ఇంటు" అంటే చాలు, ఆమె రొట్టె తిప్పేసి "సదయ్య కేమ్ ఔటాఫ్ ద మైన్" అనేది, పాటలాగా సాగదీసి. ఆమెకది ఆట. అతనికి కడుపులో మంట.

"సదయ్య అనకు. నా పేరు పెట్టి జెప్పు" అన్నాడు ఒకనాడు.

ఆమె చెయ్యి ఆగింది. "ఏ పేరు?"

"నా పేరు. మా అవ్వయ్య పెట్టిన పేరు. పోశం కేమ్ ఔటాఫ్ ద మైన్ అను."

"పో. గట్ల ఎవలన్న అంటరా?" సారవ్వ మొహం ఎర్రబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంట్ల ఎవలున్నరు? ఒక్కపారి అను."

"నాతోని గాదు. మొగని పేరు తీస్తరా?"

"ఆని పేరు ఊరంత ఇనవడేటట్టు తీస్తవు. నా పేరు ఒక్కపారి అననీకె నీ నోరు పడిపోయిందా?"

సారవ్వ బిత్తరపోయి చూసింది. పెనం మీద రొట్టె మాడింది. "ఆయిన పేరు గనుకనే అంటున్న. నీది గాదు గనుక అంటున్న" అంది. నిజం అంతే. కాని ఆ నిజాన్ని కూడా పోశం తిప్పేసుకున్నాడు. ఆయిన అంది కదా, ఎంత మర్యాద! ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. తరవాత ఎన్నోసార్లు బతిమాలాడు, అలిగాడు, చీర తెస్తానన్నాడు. ఆమె నోట ఆ పేరు రాలేదు. పెళ్ళై ఇన్నేళ్ళైనా తన పేరు వినడానికి తనకే గతి లేదని లోలోపల ఏడ్చిపోయాడు.

డెబ్బై రెండులో సర్దారు కోసం మేనేజరు ఒక్కొక్కరినీ పిలిచి నోటితో అడిగాడు. పైకప్పు కూలితే రిపోర్టు ఎలా రాస్తావని పోశాన్ని అడిగాడు. పోశం చెమటలు కక్కుతూ చెప్పాడు. రూఫ్ కేమ్ డౌన్. ప్రాప్ గేవ్ వే, అంటే పైకప్పుకు ఆనించిన దుంగ విరిగింది. ఐ కాల్డ్ అవుట్. మెన్ రాన్ అవుట్. ఆ తరవాత ఆగకుండా, లోపలికి పోయిన వాళ్ళ పేర్లు వెంట్ ఇన్ అని ఒక్కొక్కటీ చెప్పి, అవే పేర్లు కేమ్ అవుట్ అని మళ్ళీ చెప్పాడు. మేనేజరు కలం కింద పెట్టి నవ్వి, సదయ్యను సర్దారు చేయమన్నాడు.

ఆ కబురు మంచిర్యాల సంతలో ఎవరో అన్నారు, సంత నుంచి పల్లెకు పోయింది. ఆ ఏడు వానలు లేవు. పొలాలు బీడుపడ్డాయి, గొడ్లను అగ్గువకు అమ్ముకున్నారు. ఒక పొద్దున పోశం డ్యూటీ నుంచి వచ్చేసరికి సదయ్య ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, సొట్టకు చోటే లేదు. పోశం చూసింది అది కాదు. తను తినే ఇత్తడి పళ్ళెం. తన పళ్ళెంలో సారవ్వ రెండోసారి అన్నం పెడుతోంది, "తిను బావా, మొఖమాటపడకు" అంటోంది.

తిన్నాక సదయ్య చేతులు తుడుచుకుని మెల్లగా అన్నాడు. "తమ్మీ, ఊర్ల ఏం లేదు. నా కొలువు నాకియ్యి. నువ్వు ఇన్నేండ్లు చేసుకున్నవు, నేను కాదన్ననా?"

"దిగనీకె భయపడి ఉరికినోనివి నువ్వు. ఇప్పుడు సర్దారు గిరీ అనంగనే భయం పోయిందా?"

"ఆకలికంటె పెద్ద భయం లేదురా."

పోశం అతన్ని బయటికి నెట్టినంత పని చేశాడు. సదయ్య తిన్నగా ఆఫీసుకు పోయి, అసలు సదయ్యను నేను, బాయిలో పనిచేసేవాడు పోశం అని చెప్పేశాడు. మేనేజరు ఊరుకోలేదు. పది మంది ప్రాణాలు చేతిలో పెట్టే పని, మనిషి ఎవరో తేలాల్సిందే అన్నాడు. ఇద్దర్నీ రమ్మని, సారవ్వనూ పిలిపించాడు.

అబద్ధమని తేలితే కొలువు పోతుంది, క్వార్టరు పోతుంది, కరువు పల్లెకు పోయి పడాలి. అయినా ముందు రోజు పోశం సారవ్వను ఇలా చెప్పమని అడగలేదు. అడిగితే ఆమె నా కోసం చెప్పినట్టు ఎలా అవుతుంది? ఎవరి పక్క నిలుస్తుందో చూద్దామని పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు. అంత ఆపదలోనూ కుళ్ళే గెలిచింది. సారవ్వ కూడా ఏమీ అడగలేదు. పిల్లకు తల దువ్వుతూ మధ్యలో దువ్వెన ఆపి గోడ వంక చూస్తుండిపోయింది. ఎవరిని తలుచుకుంటోందో అనుకున్నాడు పోశం.

ఆఫీసులో ఇద్దరు మగవాళ్ళూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. లింగమూర్తి మేనేజరు పక్కన మాటలు మార్చి చెప్పడానికి నిలబడ్డాడు. మేనేజరు సారవ్వను చూసి, కాస్త ఆలోచించి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. లింగమూర్తి గతుక్కుమన్నాడు. తరవాత తెలుగులో చెప్పాడు.

"సారు ఏమంటున్నడంటె, వాళ్ళ అవ్వ బతికున్నన్ని దినాలు వాళ్ళ నాయిన పేరు నోటితోటి అనలేదంట. బెంగాల్ల గూడ గదే రివాజట. మన దిక్కు గట్లనేనా అని అడిగిండు, ఔనన్న. అందుకె నిన్ను రెండు పేర్లు అనమంటున్నడు సారవ్వా. ఏ పేరు నీ నోటికి రాదో గదే నీ మొగని పేరు."

పోశం లోలోపల లెక్క కట్టాడు. సదయ్య అనే పేరు ఆమెకు మంచినీళ్ళు. పోశం అనే పేరు చంపినా రాదు. ఇంతకాలం ఏ మాట కోసం ఆమె ప్రాణం తీశాడో, ఆ మాట ఇప్పుడు కూడా రాకపోతే తను మునిగినట్టే.

"సదయ్య ఎవరో పేరు వెట్టి జెప్పు" అన్నాడు లింగమూర్తి.

సారవ్వ తల వంచింది. కొంగు ముందుకు లాక్కుని నోటికి అడ్డం పెట్టుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. గడ్డంతో పోశం వైపు చూపించి, "ఆయిన పేరు మీరే అనుండ్రి సారూ. నేను తియ్య" అంది. ఎంత అడిగినా అంతే.

"మరి పోశం ఎవరు?"

సారవ్వ కొంగు కిందికి దించింది. తల ఎత్తింది. సూటిగా సదయ్యను చూసింది.

"గీయన" అంది. "పోశం. మా మరిది పోశం. ఊర్ల కరువని వచ్చిండు."

స్పష్టంగా అంది. దవాఖాన కిటికీ దగ్గర ఎలా అందో అలాగే అంది. మేనేజరు తృప్తిగా తల ఊపాడు. లింగమూర్తి ముక్కుపొడి డబ్బీ కోసం జేబులు తడుముకున్నాడు. అతనికి నిజం తెలుసో తెలియదో ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు.

ఇన్నేళ్ళు అడుక్కున్న పేరు పోశం చెవిన పడింది. చూపు మాత్రం ఇంకొకడి వైపు ఉంది. సిగ్గు కూడా పడింది, మొగుడి పేరుకు పడే సిగ్గే, కాని ఆ పేరు సదయ్య. కొలువు నిలిచిందన్న సంతోషం ఒక పక్క ఉండగానే రెండో పక్క కడుపు రగిలిపోయింది. ఆ సిగ్గు నటనేనా? నటనకు చెవులు ఎర్రబడతాయా?

సదయ్య అరుస్తాడు, గోల చేస్తాడు అనుకున్నారు. అతను సారవ్వ మొహం వంక కాసేపు చూసి, "ఔ సారూ. నేను పోశంనే. ఆకలికి అబద్ధమాడిన" అన్నాడు.

అది పోశానికి ఇంకా పెద్ద దెబ్బ. ఆమె ఒక్క మాట అన్నందుకు వాడు తల్లిదండ్రులు పెట్టిన పేరే ఇచ్చేశాడు. తనేమిచ్చాడు ఆమెకు? అలకలు, అరుపులు. ఈ విషయంలో కూడా వాడే ముందున్నాడని పోశం పళ్ళు నూరుకున్నాడు.

లింగమూర్తి సదయ్యను చేయి పట్టి బయటికి తీసుకుపోయి, బాయి పైన దుంగలు దింపే గుత్తేదారుతో మాట్లాడి కూలికి పెట్టించాడు. లోపలికి దిగే పని కాదు గనుక సదయ్య ఒప్పుకున్నాడు. అక్కడ పోశం పేరు మీదే చేరాడు. ఇక ఏం చేస్తాడు? దుంగల అడ్డాలో ఎవరైనా "ఏ పోశం!" అని కేకేస్తే సర్దారు డ్రస్సులో పోతున్న పోశం తల గిరుక్కున తిరిగేది. అప్పటికి సదయ్య "ఆఁ వస్తున్న" అని పలికేవాడు.

ఆ తరవాత కొద్ది రోజులకే అసలు మంట మొదలైంది. పోశం షిఫ్టు ముగించి పైకి వచ్చేసరికి బాయి గేటు దగ్గర సారవ్వ కనపడింది. పిల్లకు ఏమైందోనని పరిగెత్తాడు. ఏమీ లేదంది. మరునాడూ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. ఎందుకొచ్చావంటే "ఊకెనే" అనేది. ఆ గేటు దుంగల అడ్డాకు ఆనుకునే ఉంది. అక్కడ సదయ్య బనియను మీద దుంగలు మోస్తూ ఉంటాడు. రోజూ తిండి పడటంతో బుగ్గన సొట్ట మళ్ళీ తేలింది.

లింగమూర్తి చెప్పిన పాఠాలన్నీ పోశానికి ఇప్పుడు పనికొచ్చాయి. ఇది లుక్డ్ ఎట్ కాదు, లుక్డ్ ఫర్, వాడి కోసం వెతుక్కోవడం అనుకున్నాడు. బాయి లోపల కర్రతో పైకప్పు కొడుతూ పైన ఏం జరుగుతోందో ఊహించుకునేవాడు. ఆమె ఎప్పుడొస్తుంది? ఎంతసేపు నిలబడుతుంది? వాడు దగ్గరికొచ్చి మాట్లాడతాడా? పైకొచ్చి చూస్తే ఆమె మొహం పీక్కుపోయి, కళ్ళు గుంటలు పడి ఉండేవి. దవాఖానకు పోతే చీటీ కిటికీ దగ్గర ఇప్పుడు అమీరున్నీసాను పొడిచి ఆమెతోనే సదయ్య పేరు చెప్పిస్తోందట. ఆ మాట అమీరున్నీసాయే నవ్వుతూ చెప్పింది. ఇంకేం కావాలి? వాడు దగ్గరికొచ్చాడు, సిగ్గు కూడా వచ్చింది అని పోశం తీర్పు చెప్పేసుకున్నాడు. వాళ్ళ వాడలోనే ఉండే లింగమూర్తి చెవిన పడితే ఆఫీసులో చెప్పిన అబద్ధం బయటపడుతుందని భయపడుతోందేమో అన్న ఆలోచన అతని దరిదాపులకు రాలేదు.

ఒకనాడు షిఫ్టు మధ్యలో టబ్బులు లాగే హాలేజీ యంత్రం చెడిపోయి అన్నీ ఆగిపోయాయి. మనుషుల్ని వరసన నడిపించి పైకి తెచ్చేసరికి బాగా ఆలస్యమైంది. పోశం అందరికంటే చివర వచ్చాడు. గేటు దగ్గర సారవ్వ ఒంటరిగా లేదు. ఎదురుగా సదయ్య నిలబడి చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

పోశం ల్యాంపు కూడా అప్పగించకుండా నేరుగా వాళ్ళ మీదికి పోయాడు. "అయ్యిందా ముచ్చట?" అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినపడింది.

సదయ్య తిరిగి చూసి, "వచ్చినవా? సూడు మరదలా, నేను జెప్పలే? ఇగ ఏడ్వకు" అని దుంగల వైపు పోయాడు.

"ఏం జెప్పిండు ఆడు? రోజు ఈడికి వచ్చేది గందుకేనా? పేరు మార్చి మొగన్ని గూడ మార్చుకుందామనుకున్నవా?"

సారవ్వ అతని మొహంలోకి చూసింది. కోపం లేదు. తిట్టిన మాట ఆమెకు చేరినట్టే లేదు. చెయ్యి చాచి అతని ఛాతీ మీద పెట్టింది, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస లేకుండా. మసి ఆమె వేళ్ళకు అంటుకుంది.

"అందరు పైకొచ్చిండ్రు, నువ్వు రాలే" అంది. "నావల్లనే అనుకున్న."

"నీవల్ల ఏంది?"

"నీ పేరు తీసిన గద." ఆమె గొంతు చిన్నదైంది. "ఆ సారు ముంగట. మొగని పేరు పెండ్లాం తీస్తె ఆయుసు తరుగుతదని మా అవ్వ జెప్పేది. ఒక్కపారి గాదు, రెండుపార్లు తీసిన. పిల్ల ఆగమైతదని, నీ కొలువు పోతదని తీసిన. ఆ దినం సంది నువ్వు బాయిల దిగినవంటె నాకు ఇంట్ల కాలు నిలుస్తలేదు. నువ్వు పైకొచ్చుడు కండ్లతోటి చూస్తె గని ముద్ద దిగుతలేదు."

అదంతా ఉత్తదే అందామనుకున్నాడు పోశం. ఎన్ని సాయంత్రాలు ఆమెను ఆ పేరు అనమని వేధించాడో గుర్తొచ్చింది. తన మొహం మీద మసి ఉన్నందుకు మొదటిసారి మేలనుకున్నాడు. దుంగల అడ్డాలో ఎవరో "ఏ పోశం!" అని కేకేశారు. అతను తల తిప్పలేదు.

"రేపటి సంది రాకు" అన్నాడు చివరికి. "జనం నవ్వుతరు."

"నవ్వనీ. నేనొస్త."

"పొద్దటికెళ్ళి ఏమన్న తిన్నవా?"

"నువ్వొచ్చినవు గద" అంది సారవ్వ. "ఇగ తింట."